మూడో చెయ్యి

మేడం చివరి పేజీ తిప్పి, కాగితాల అంచులను బల్ల మీద రెండుసార్లు తట్టి సరిచేసింది. ఆ తట్టడం 'బాగుంది' అనడానికి గుర్తని ఎదురుగా నిలబడ్డ విద్యార్థినికి రెండేళ్లుగా తెలుసు. బాగోకపోతే మేడం కాగితాలను చెదిరినవి చెదిరినట్టే వదిలేసి, కళ్ళజోడు తీసి పక్కన పెట్టేది.

"మూడో చాప్టరు వల్లే ఇది నిలబడుతోంది," అంది మేడం. "మిగతావి ఎవరైనా రాస్తారు. ఇది నువ్వు కళ్ళతో చూసి రాసింది."

పొగడ్త విన్నప్పుడల్లా అది పక్కన నిలబడ్డ ఇంకెవరికో చెందినట్టు అనిపించడం ఆమెకు చిన్నప్పటినుంచీ ఉంది.

"శుక్రవారం ఐదింటిలోపు ఆఫీసులో మూడు కాపీలు ఇవ్వాలి. రిసెర్చి సీటుకి నేను రాసే ఉత్తరం కూడా ఈ చాప్టరు గురించే. ఉన్నది ఒక్క సీటు, తెలుసుగా? ఫోటో మాత్రం మంచి కాపీ వెయ్యి. ఇది చూడు, అన్నీ మచ్చలే."

మేడం సర్టిఫికెట్ పేజీ మీద సంతకం పెట్టి, సిరా ఆరేదాకా ఊదింది. వలసానంతర సాహిత్యం, సంస్కృతి, ఎం.ఏ. చివరి సంవత్సరం. ఆ అక్షరాల కింద మేడం సంతకం, దాని పక్కన ఆమె సంతకం కోసం ఖాళీ.

ఫోటో దొరల కాలంనాటిది. పాత రికార్డుల భవనంలో అట్టపెట్టెలు తిరగేస్తూ కూర్చున్న నాలుగో రోజున దొరికింది. బంగళా వరండా, కుర్చీల్లో దొర, దొరసాని, మెట్ల మీద ఇద్దరు పిల్లలు. వాళ్ళ వెనక చీకటి గుమ్మంలో చంటిబిడ్డను ఎత్తుకున్న ఆయా. మొహం ఉండవలసిన చోట నల్లగా జుట్టు మాత్రమే ఉంది, తల అవతలికి తిప్పుకున్నట్టు. ఆ నల్లటి చోటు మీద ఆమె ఇరవై రెండు పేజీలు రాసింది. అందరూ కెమెరా వైపు చూడమంటే చూసినవాళ్ళే. ఆ ఒక్క మనిషి తన మొహం ఇవ్వనంది. తీసేవాడికి గాని, తీయించుకునేవాడికి గాని, వందేళ్ల తర్వాత చూసేవాళ్ళకి గాని ఇవ్వనంది.

రాస్తున్నన్నాళ్ళూ ఆమెకు ఆ ఆయా మీద గౌరవంతోపాటు కొంత అసూయ కూడా ఉండేది. తను ఎవరి ముందూ ఎప్పుడూ తల తిప్పుకోలేదు. ఎవరు ఎటు చూడమంటే అటే చూస్తూ పెరిగింది.

"ఏమే ఫుట్‌నోటూ, మీ ఆయా పాసయిందా?" అని అడిగింది హాస్టల్లో ఆమె గదిలోనే ఉండే అమ్మాయి, తడిజుట్టు దులుపుకుంటూ. ప్రతి మాటకీ ఆధారం చెబుతుందని ఆమెకు ఆ పేరు పెట్టింది ఈ అమ్మాయే.

"పాసయింది. మొహం కడగాలట."

"ఎవరిది?"

"ఫోటోది. రేపు ఇంటికి వెళ్తున్నా. నాన్న చేస్తారు."

*

నాన్న బల్ల కిటికీ పక్కనే ఉంది. స్టూడియో మూసేశాక ఇంటికి చేరిన వస్తువుల్లో మిగిలింది అదొక్కటే. ఏటవాలు చెక్క, మధ్యలో గాజుపలక, కింద అద్దం. కిటికీ వెలుగు అద్దం మీద పడి, పైకి తిరిగి, గాజు మీద పెట్టిన నెగెటివ్‌లోంచి వచ్చేది. చిన్నప్పుడు ఎండ జరిగినకొద్దీ ఆ అద్దాన్ని జరపడం ఆమె పని. "కొంచెం ఇటు," అనేవాడు నాన్న తల ఎత్తకుండానే. ముప్ఫై ఏళ్ళపాటు ఆయన చేసిన పనికి టచింగ్ అని పేరు. మొటిమలు, ముడతలు, చెదిరిన జుట్టు, మూసుకుపోయిన కళ్ళు, అన్నీ పెన్సిలు మొనతో, సన్నటి కత్తితో, మూడు వెంట్రుకల కుంచెతో సర్దేవాడు.

నాన్న ఫోటోను వెలుగులోకి వంచి, భూతద్దం కంటికి ఆనించుకున్నాడు. మచ్చల వైపు చూడలేదు. చాలాసేపు ఒకేచోట చూస్తూ ఉండిపోయాడు.

"బాగా చేశాడు," అన్నాడు చివరికి.

"ఎవరు?"

"ఎవడో. కత్తి పని అమ్మడూ ఇది. మా గురువుగారు కూడా ఇంత నున్నగా గీకేవారు కాదు."

"ఏది గీకింది?"

"మొహం."

ఆమె నవ్వబోయి ఆగింది. "మొహం లేదు నాన్నా. తల అటు తిప్పుకుంది. అది జుట్టు."

"జుట్టయితే వెలుగు పడి ఎక్కడో ఒకచోట మెరుస్తుంది. చీకట్లో నిలబడ్డా సరే. ఇది మెరవదు. నెగెటివ్ మీద గీకితే ప్రింటులో నల్లబడుతుంది. వెనక చీకటి గుమ్మం ఉంది కాబట్టి కలిసిపోయింది." భూతద్దం ఆమె చేతికిచ్చాడు. "నమ్మకపోతే గొంతు చూడు."

ఆమె చూసింది. బిడ్డ తలకు పైన, రవిక అంచుకు పైన, రెండు ఎముకల మధ్య చిన్న నీడ. గొంతు గుంట. మెడ ఇటే ఉంది. మనిషి మొత్తం ఇటే తిరిగి, నిటారుగా నిలబడి ఉంది.

ఇరవై రెండు పేజీలు రాస్తూ ఈ ఫోటోను ఎన్ని వందలసార్లు చూసి ఉంటుంది! ఒక్కసారి కూడా ఆమె కన్ను ఆ నల్లటి చోటు దాటి రవ్వంత కిందికి దిగలేదు. భూతద్దం కిందికి దించింది. తనకు కలిగింది సిగ్గో, భయమో, చెప్పలేని ఉపశమనమో తెలియలేదు.

"ఎందుకు గీకారు?"

"ఏమో. కదిలి ఉంటుంది. ఆ రోజుల్లో కాస్త కదిలితే రెండు మొహాలు వచ్చేవి, దెయ్యంలా ఉందని గీకించేవాళ్ళు. లేకపోతే దొరసానికి ఇష్టం లేదేమో. లేకపోతే ఆవిడే వద్దందేమో. ఆర్డరు ఏమిటో కత్తి చెప్పదు. కత్తి పట్టిందని మాత్రం చెప్తుంది."

"నీకెలా అంత గట్టిగా తెలుసు?"

నాన్న కళ్ళజోడు పంచె చెంగుతో తుడుచుకున్నాడు. తర్వాత గోడ వైపు చూశాడు. "దాన్ని దించు," అన్నాడు.

గోడ మీద ఉన్నది ఆమె చిన్నప్పటి ఫోటో. కుర్చీలో అమ్మ, పక్కన ఎత్తు స్టూలు మీద గౌను వేసుకున్న ఏడాది పిల్ల, వెనక రంగు వెలిసిన తెర. నాన్న లేడు, ఆయన కెమెరా వెనక ఉన్నాడు. ఊహ తెలిసినప్పటినుంచీ రోజూ చూసిన ఫోటో కాబట్టి, అసలు ఎప్పుడూ చూడని ఫోటో.

"నిన్నెవరు పట్టుకున్నారు?"

"అమ్మ."

"అమ్మ చేతులు లెక్కపెట్టు."

అమ్మ చేతులు రెండూ ఒళ్ళో ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి. పిల్ల చంక కింద, గౌను కుచ్చిళ్ళలో సగం దాగి, ఇంకో చెయ్యి ఉంది. నాలుగు వేళ్ళు, మణికట్టు మీద ఒక సన్నటి గాజు. గాజు దాటగానే చెయ్యి తెరలో కలిసిపోయింది.

"అది కూడా తీస్తే నీ గౌను చెడేది," అన్నాడు నాన్న. "అందుకని వదిలేశాను. తెర తెల్లగా ఉంది కదా, గీకలేదు. నెగెటివ్ మీద ఎర్ర రంగు పూశాను, ప్రింటులో అక్కడ తెల్లబడుతుంది. రెండు రోజుల పని."

"ఎవరిది?"

వంటింట్లో కత్తిపీట చప్పుడు ఆగింది.

"పొట్టమ్మది," అంది అమ్మ లోపల్నించే. చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "నేనే తీసెయ్యమన్నాను. ఆయన్ని అడుగుతావేం?"

పొట్టత్త. ఆమెను ఐదేళ్ళు వచ్చేదాకా పెంచిన మనిషి. ఇప్పుడు బస్టాండు వెనక లాండ్రీలో ఇస్త్రీ చేస్తుంది. ఎప్పుడైనా ఇటు వస్తే కూర్చోమన్నా కూర్చోకుండా, చెంగుతో ఈ గోడ మీది ఫోటోను తుడిచి వెళ్తుంది.

"ఎందుకమ్మా?"

"ఎందుకంటే ఏం చెప్పను?" అమ్మ ఫోటో వైపు చూడలేదు. "నాకు ఇరవై రెండేళ్లు. నా దగ్గరికి వస్తే ఆరున్నొక్కరాగం. తను ఎత్తుకుంటే నోరు మూసేదానివి. ఆ రోజూ అంతే. నా ఒళ్ళో కూర్చోబెడితే స్టూడియో పైకప్పు లేచిపోయింది. పిల్ల కావాలని మొక్కని రాయి లేదు, తీరా పుడితే ఫోటోలో కూడా నాది కాదు. కనీసం గోడ మీదైనా నాది అవుతుందనుకున్నా. అంతే. ఇప్పుడు దీని మీద కూడా రాస్తావా?"

"లేదమ్మా."

"రాస్తే రాయి," అంటూ అమ్మ మళ్ళీ లోపలికి వెళ్ళింది. కత్తిపీట చప్పుడు వెంటనే మొదలవలేదు.

*

బుధవారం ఆమె వెళ్ళేసరికి మేడం ఎవరివో జవాబు పత్రాలు దిద్దుతోంది. ఎర్ర కలం మూతను పళ్ళతో పట్టుకుని, మాట మొత్తం విన్నది.

"ఎవరు చెప్పారు?"

"మా నాన్న. ఆయన ఫోటోలు టచింగ్ చేసేవారు మేడం. ముప్ఫై ఏళ్లు."

"రాతలో ఏమైనా ఉందా? ఆ స్టూడియో రిజిస్టరు, ఏదైనా పుస్తకం, ఉత్తరం?"

"లేవు. గొంతు గుంట ఉంది."

మేడం నవ్వింది. వెక్కిరింత కాదు, అలసిపోయిన మనిషి నవ్వు. "గొంతు గుంటని రిఫరెన్సుల్లో ఏ అక్షరం కింద పెడతావు?"

ఆమె కూడా నవ్వింది. నవ్వినందుకు వెంటనే తన మీద కోపం వచ్చింది.

"చూడమ్మా," మేడం కలం పక్కన పెట్టింది. "ఆ చిత్రం మన చేతికి ఎలా వచ్చిందో అదే మనం చదవాల్సిన పాఠం. తనే తిప్పుకుందో, ఇంకొకడు గీకాడో, మనకి మొహం దొరకలేదు. నీ వాదన నిలుస్తుంది."

"నిలుస్తుందా మేడం?"

"నిలబెట్టడం నేర్చుకోడానికేగా రెండేళ్లు ఇక్కడ కూర్చున్నావు? ముందు సబ్మిట్ చెయ్యి. సీటు రానీ. నాన్నగారు చెప్పింది తర్వాత తీరిగ్గా రాసుకుందువు గాని, విడిగా వ్యాసంలాగా. ఇప్పుడు దీన్ని కదిపితే మొత్తం కూలుతుంది. నేను ఉత్తరం పంపేశాను కూడా."

మేడం మాటల్లో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. అదే ఇబ్బంది. మెట్లు దిగుతుంటే గుర్తొచ్చింది: రెండో సెమిస్టరులో ఒక ప్రశ్న, రాతకెక్కని జ్ఞానాన్ని ఎందుకు పరిగణించాలి అని. ఆమె పదకొండు పేజీలు రాసింది. క్లాసులో ఎక్కువ మార్కులు ఆమెకే. దిద్దింది మేడమే. ఆ పదకొండు పేజీల్లో చేతిపని తెలిసిన మనుషులు ఎంతమంది ఉన్నారో ఇప్పుడు గుర్తు చేసుకుంటే, ఒక్కరికీ కళ్ళజోడు లేదు, పంచె చెంగు లేదు. వాళ్ళలో ఎవరూ తను చిన్నప్పుడు అద్దం జరిపి పెట్టిన మనిషిలా లేరు.

లైబ్రరీ ముందు బెంచీ మీద కూర్చుని మూడో చాప్టరు తెరిచింది. 'ఇవ్వనంది' అనే మాట పద్నాలుగు చోట్ల ఉంది. దాన్ని కొట్టేసి 'ఇవ్వనివ్వలేదు' అని రాస్తే? వాక్యాలన్నీ అలాగే నిలుస్తున్నాయి. ఒక్క మాట తిరగబడినా ఒక్క వాక్యం కూడా పడిపోవడం లేదు. అది చూసి ఆమెకు నిజంగా భయం వేసింది. రెండువైపులా నిలబడే వాక్యాలు తను రాసింది. వాటి కింద ఎవరు నిలబడి ఉన్నా వాటికి పట్టదు.

సాయంత్రం బస్సెక్కి మళ్ళీ ఇంటికి వచ్చింది. ఎందుకొచ్చిందో తనకే తెలియదు. నాన్న బల్ల కింది రేకుపెట్టె లాగి, పాత కవర్లు వరసగా తీసి, ఒకటి బయటపెట్టాడు.

"ఎప్పుడూ రెండు తీసేవాళ్ళం," అన్నాడు. "ఒకటి చెడితే రెండోది. ఇది నేను ముట్టుకోనిది."

నెగెటివ్ అరచేతి పొడవుంది. ఆమె ఫోన్లో తెల్లటి తెర పెట్టి, దాని మీద నెగెటివ్ ఉంచి, నాన్న ఫోనుతో తీసి, రంగులు తిరగేసింది. నాన్న భుజం మీంచి వంగి చూశాడు. ముప్ఫై ఏళ్లు ఎర్ర దీపం కింద చేసిన పని రెండు వేళ్ళతో అయిపోవడం చూసి ఆయన కళ్ళజోడు పైకి తోసుకున్నాడు.

తెర ముందు పొట్టత్త నిలబడి ఉంది. ఇరవై కూడా నిండని పిల్ల. ఆ చెయ్యికి ఇప్పుడు మోచెయ్యి, భుజం, మెడ, మొహం, అన్నీ ఉన్నాయి. రాత్రి భోజనాల ముందే బజారుకు వెళ్ళి, మెరుపు లేని కాగితం మీద ప్రింటు వేయించుకొచ్చింది. కవరు గుండెలకు ఆనించుకుని నడుస్తుంటే, రెండు రోజుల్లో మొదటిసారి తను చేస్తున్నది సరైన పనేనని అనిపించింది. పోయిన మొహాన్ని తిరిగి ఇవ్వడం. చదివిన చదువు మొత్తం చివరికి ఇదే కదా.

*

లాండ్రీలో తడి గుడ్డ వేడెక్కిన వాసన. పొట్టత్త కాలరు లోపలి వైపు ముందు రుద్ది, తర్వాత పైవైపు తిప్పి, చివర్ల నుంచి మధ్యకు ఇస్త్రీ నడిపించింది. మధ్యనుంచి చివరలకు నడిపిస్తే ముడత చివర్న తేలుతుందని ఆమెకు చిన్నప్పుడు చెప్పింది ఈ మనిషే.

"చంటీ! ఏమిటే ఇలా చిక్కిపోయావు? హాస్టల్లో తిండి పెట్టట్లేదా, పుస్తకాలు తింటున్నావా?"

"రేపు ఆఖరి రోజత్తా. అందుకే."

"కూర్చో. ఈ ఆరు చొక్కాలూ అయిపోతే నీతో మాట్లాడతా."

ఆరూ అయ్యేదాకా ఆగలేక ఆమె కవరు తీసి, మడతపెట్టిన చొక్కాల పక్కన ఫోటో పెట్టింది. పొట్టత్త ఇస్త్రీపెట్టె నిలబెట్టి, చేతులు తుడుచుకుని, వంగి చూసింది.

"ఎవరిది?"

"నువ్వే అత్తా."

పొట్టత్త మరికొంచెం వంగింది. ఆమె ఎదురుచూసిన ఆశ్చర్యం గాని కన్నీళ్ళు గాని ఆ మొహంలోకి రాలేదు. కనుబొమలు నెమ్మదిగా దగ్గరపడ్డాయి.

"గాజు నాదే," అంది. "రవిక కూడా నాదే." మళ్ళీ వంగి చూసి, "నేను నవ్వాను కదే," అంది.

ఫోటోలో పొట్టత్త నవ్వడం లేదు. పెదవులు బిగిసి ఉన్నాయి. కళ్ళు కెమెరా వైపు లేవు. కుర్చీలో ఉన్న అమ్మ వైపు ఓరగా, ఏదో అడగబోతున్నట్టు, లేదా ఏదో అంటారేమోనన్నట్టు ఉన్నాయి.

"మీ నాన్న నవ్వమన్నాడు. నవ్వాను. నాకు బాగా గుర్తు."

"నిన్ను తీసేశారని నీకు తెలుసా అత్తా?"

"తెలీకపోవడమేంటి? మీ అమ్మే చెప్పింది. కోపం వచ్చి రెండు రోజులు పనికి పోలేదు. మూడోరోజు నువ్వు పాలు ముట్టట్లేదని మీ నాన్న మా వాకిట్లో నిలబడ్డాడు. మనిషి మాట్లాడడుగా, ఊరికే నిలబడ్డాడు." పొట్టత్త వేలి చివరతో ఫోటోలో తన మొహాన్ని తాకి, వెనక్కి తీసుకుంది. "మీ ఇంటికొచ్చినప్పుడల్లా ఆ చెయ్యి చూసుకునేదాన్ని. చెయ్యి చూస్తే చాలు, పైన నేను నవ్వుతూ ఉన్నట్టే ఉండేది. ఇదేంటే, దొంగతనం చేసి పట్టుబడ్డ దానిలా ఉన్నాను."

"నీకివ్వాలని తెచ్చాను."

"వద్దు."

ఆ మాటలో కోపం లేదు. తనకు సరిపోని చొక్కాను తిరిగి ఇచ్చినట్టు, పొట్టత్త ఫోటోను కవరులోకి జాగ్రత్తగా దూర్చి ఆమె వైపు జరిపింది.

ఆమెకు ఏం చెయ్యాలో తోచలేదు. చెయ్యి ఖాళీగా ఉండలేక, సంచిలోంచి దొరల కాలంనాటి ఫోటో తీసి చూపించింది. మొహం గీకేసిన సంగతి, గొంతు గుంట సంగతి చెప్పింది.

"నువ్వేం రాశావు?"

"తనే తిప్పుకుందని రాశాను."

"చేతిలో బిడ్డనుంచుకుని ఎక్కడైనా మొహం తిప్పుకుంటామా?" అంది పొట్టత్త. మళ్ళీ తనే, "ఏమోలే, తిప్పుకునేవాళ్ళు కూడా ఉంటారు. నేను తిప్పుకోలేదంతే," అని ఫోటో దగ్గరగా పట్టుకుంది. "కుడి పక్కకి ఎత్తుకుంది చూశావా? ఎడం చేత్తో పనిచేసుకునే మనిషి. నాలాగే. బిడ్డ ఏడవట్లేదు కూడా. వేళ్ళు విప్పుకుని ఉన్నాయి. ఏడుపొచ్చే ముందు పిల్లలు వేళ్ళు ముడుస్తారు."

ఆమె ఆ రెండు సంగతులనూ చేతి మీద రాసుకుంది. కాగితం కోసం వెతికే ఓపిక లేకపోయింది.

"నీ పుస్తకంలో నా ఫోటో పెడతావా?"

"నువ్వు పెట్టమంటే."

"ఇది పెట్టకు. గోడ మీద ఉన్నది పెట్టు. చెయ్యి బాగుంది." పొట్టత్త ఇస్త్రీపెట్టె చేతిలోకి తీసుకుంది. నీళ్ళు చిలకరించిన గుడ్డ చుయ్యిమంది. "మీ నాన్నని అడుగు, ఇప్పుడైనా ఒక నవ్వు పెట్టగలడేమో. తీయడం వచ్చినవాడికి పెట్టడం రాదా? పెట్టాక తీసుకురా, అప్పుడు ఉంచుకుంటా."

నవ్వులాటకే అన్నట్టు అంది. కానీ ఆ మాట అన్నాక ఒక్క క్షణం ఇస్త్రీ ఆపి ఆమె కళ్ళలోకి చూసింది.

*

శుక్రవారం ఉదయం ఆమె మేడం ముందు పెట్టిన మూడో చాప్టరు తొమ్మిది పేజీలే ఉంది. అందులో మొదటి పేజీ నిండా తను ముందు ఏమి అనుకుందో రాసింది. తర్వాత గొంతు గుంట. తర్వాత కుడి పక్కన బిడ్డ, విప్పుకున్న వేళ్ళు. చివర గోడ మీది ఫోటో. దాన్ని అమ్మే స్వయంగా మేకు మీంచి దించి ఇచ్చింది. "నేను తీయించానని కూడా రాయి," అంది అమ్మ. "లేకపోతే నింద అంతా మీ నాన్న నెత్తిన పడుతుంది."

మేడం చదువుతున్నంతసేపూ ఎర్ర కలం మూత తీయలేదు.

"నోట్సులో మొదటి ఆధారం మీ నాన్నగారు."

"అవును మేడం."

"రెండోది ఇస్త్రీ చేసే ఆవిడ."

"ఆవిడ బిడ్డని పట్టుకోవడం చూసి చెప్పింది."

"ఇందులో వాదన ఎక్కడుంది?"

"ఇంకా దొరకలేదు."

"దొరకలేదని తొమ్మిది పేజీలా?"

"మొన్న దొరికిందని ఇరవై రెండు రాశాను మేడం."

మేడం పెదవి చివర కదిలింది గాని నవ్వుగా మారలేదు. చివరి పేజీలో ఫోటో దగ్గర ఆగింది. వేలు అమ్మ ఒళ్ళోకి వెళ్ళి, అక్కణ్ణించి పిల్ల గౌను మీదికి వెళ్ళి, నిలిచిపోయింది. మేడం పెదవులు చప్పుడు లేకుండా లెక్కపెట్టాయి. ఒకసారి కాదు, రెండుసార్లు.

"మొహం ఉన్న ఫోటో కూడా ఉందని రాశావు. అది వెయ్యి. దాంతో చాప్టరు నిలబడుతుంది."

"ఆవిడ వద్దంది."

మేడం కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. కాగితాలు బల్ల మీద చెదిరినట్టే ఉన్నాయి.

"ఉత్తరం వెనక్కి తెప్పించాలి," అంది. "అందులో నేను పొగిడిన చాప్టరు ఇది కాదు."

"మళ్ళీ రాస్తారా?"

"తెలీదమ్మా." మేడం కిటికీలోంచి బయటికి చూసింది. "నిజంగా తెలీదు. సంతకం మాత్రం చేసేశాను, అది వెనక్కి తీసుకోను. వెళ్ళు. బైండింగుకి టైమవుతుంది."

ఆమె కాగితాలు పోగుచేసుకుంది. గుమ్మం దాటాక, వరండాలో గోడకు ఆనించి, అంచులు తనే రెండుసార్లు తట్టి సరిచేసింది. ఆఫీసులో గుమాస్తా మూడు కాపీలు ముద్ర కొట్టి తీసుకుని, "ఇది సన్నగా ఉందేంటి?" అన్నాడు. ఆమె రసీదు మడిచి సంచిలో పెట్టుకుంది. సీటు వస్తుందో రాదో తెలియదు. ఆయా ఎవరో తెలియదు. చేసింది ధైర్యమో, మూర్ఖత్వమో, అమ్మ మీద కోపమో తెలియదు. సర్టిఫికెట్ పేజీలో తన సంతకం మాత్రం మామూలు కంటే నిదానంగా పెట్టినట్టు కనిపించింది.

మూడింటికల్లా ఇంట్లో ఉంది. గోడ మీద ఫోటో ఉండిన చోట సున్నం లేత రంగులో నలుచదరంగా ఉంది. కవరు నాన్న బల్ల మీద పెట్టి, పొట్టత్త అడిగింది చెప్పింది. చెప్తూ, నాన్న కాదంటే బాగుండునని, అవునంటే బాగుండునని, రెండూ ఒకేసారి అనుకుంది.

నాన్న ఫోటోను గాజు మీద పెట్టి, కాగితపు గరుకును వేలితో చూసుకున్నాడు.

"ఆ రోజు తను నవ్విందా నాన్నా? నవ్వానంటోంది."

"నవ్వింది."

"ఇందులో లేదు."

"నేను నవ్వమన్నాను. మీ అమ్మ వైపు చూసింది. షట్టరు పడింది." నాన్న పెన్సిలు మొనను ఉప్పుకాగితం మీద తిప్పి తిప్పి సన్నం చేస్తున్నాడు. "పడ్డాక నవ్వింది. రెండోదానికి చూద్దామని నేను మళ్ళీ కెమెరా నల్లగుడ్డలో తల పెట్టాను. గాజులో తలకిందులుగా కనపడింది."

"రెండోసారి తీసినప్పుడు?"

"అప్పుడు నువ్వు ఏడవబోతున్నావు. తను నిన్నే చూస్తోంది."

ఆమె బల్ల పక్కన నిలబడింది. ఇది గీకడం కాదు. కానీ ఉన్నది మార్చడమే. లేనిది పెట్టడమే. కాదు, ఉండిన దాన్నే, ఒక్క క్షణం ఆలస్యంగా. ఇవాళ ఉదయం ముద్ర కొట్టిన తొమ్మిది పేజీల్లో దీనికి చోటు ఉందో లేదో వెతికింది. ఎక్కడా కనిపించలేదు.

"కళ్ళు?"

"కళ్ళ జోలికి పోను," అన్నాడు నాన్న. "పెదవి చివర రెండు గీతలు, బుగ్గ కింద కొంచెం నీడ. అంతకంటే చేస్తే ఇంకెవరో అవుతుంది." ఒంగి, మొన కాగితానికి వెంట్రుకవాసి దూరంలో ఆపాడు. ఎండ అప్పటికే కిటికీ చట్రం దాటి జరిగింది. ఫోటో మీద, సరిగ్గా పెదవుల దగ్గర, బల్ల అంచు నీడ పడుతోంది.

"అమ్మడూ," అన్నాడు తల ఎత్తకుండానే.

ఆమె కిందికి వంగి అద్దం ఊడదీసి, రెండు చేతులతో కిటికీ వైపు పట్టుకుంది. వెలుగు ముందు గోడ మీది లేత నలుచదరం మీద పడింది. వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న అమ్మ మొహం మీదికి వెళ్ళింది. అమ్మ కళ్ళు చికిలించుకుంది గాని కదల్లేదు.

"కొంచెం ఇటు," అన్నాడు నాన్న.

ఆమె తిప్పింది.